పలకని పెట్టెను పగలగొట్టే ముందు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, కొత్తగా డిప్లొమా చేతికొచ్చినవాడికి లోకమంతా మరమ్మతుకొచ్చిన సామానులాగే కనిపించేది. నాకు మరీనూ. అరకులోయ సంత పక్కన రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టి, పనిముట్లన్నీ సైజుల వారీగా గోడకు తగిలించాను. తక్కువైందల్లా గిరాకీ. (మేకలు వచ్చేవి, నీడకు.)

ఒక సంతరోజు మా మామ పాత చెక్క రేడియో ఒకటి గంపలో సంతకు మోసుకొచ్చాడు. డొంకరాయి డ్యామ్ దగ్గర పనిచేసిన ఇంజనీరెవరో వదిలేసి పోయిందట. ఇంట్లో దానిమీద కోడిపెట్ట కాపురం. పాత సామాను తీసుకుని ఎండుచేపలిచ్చే తక్కెడ తాత మైదానం నుంచి జీపులో వచ్చేవాడు. ఆయనకు రాగితీగ, స్పీకరు అయస్కాంతం దొరికితే చాలు, మిగతాది పొయ్యిలోకే. చేపలు అప్పటికే అత్త బుట్టలో పడ్డాయి. తాత సుత్తి ఎత్తాడు.

"ఆగండి! అదేమిటో తెలుసుకోకుండా పగలగొట్టకూడదు" అన్నాను.

"తెలుసుకుంటే బరువు పెరుగుతాదేటి బాబూ?" అన్నాడు తాత. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

"కరెంటెట్టి సూసినాను అల్లుడా, కిక్కురుమన్లేదు" అన్నాడు మామ. "సరే, తాత జీపెక్కేలోగా పలికించు. పలక్కపోతే ఈ కొట్టు కట్టేసి నా తోటలో మిరియాలు కోద్దువుగాని."

"బేగి తేల్చండి, కుక్కలు సేపలకేసి సూత్తన్నాయి" అంది అత్త.

నా పద్ధతి నాకుంది: మొదట పేరుపలక చదవాలి, తరువాత బూజు దులపాలి, ఆ తరువాతే స్క్రూడ్రైవరు. వెనక అట్ట విప్పితే లోపల గాజు బుడ్లు, పాతకాలం వాల్వులు. మా లెక్చరరు 'పరీక్షకు రాదు' అని దాటేసిన పాఠంలోవి! డిప్లొమా పుస్తకం తీసి, గోనెబస్తా మీద కూర్చుని, అంతవరకూ నలగని ఆ పేజీలు ఆసాంతం చదివాను. కప్పు మీదికి ఏరియల్ తీగ లాగి స్విచ్ వేశాను. చప్పుడు లేదు.

"మిరియాలే!" అంటూ మామ స్విచ్ కట్టేయబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"మామా, ఇది నీ ట్రాన్సిస్టర్ కాదు. ఈ బుడ్లు వేడెక్కాలి. కుండ పొయ్యి మీద పెట్టగానే అన్నం ఉడుకుతుందా?"

తాత జీపు హారన్ మోగింది. బుడ్లు మెల్లగా ఎర్రబడ్డాయి. పెట్టె సన్నగా గురకపెట్టింది. ఆపైన, ఏ దేశం నుంచో, ఒక ఆడగొంతు మాకెవరికీ తెలియని భాషలో నిండుగా పాట అందుకుంది. సంతలో బేరాలు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ స్విచ్ వేయడం, పలకలేదని వెంటనే కట్టేయడం. పాపం, దానికి గొంతు సవరించుకునే వ్యవధి ఇచ్చినవాడే లేడు.

అత్త చేపల బుట్ట తాత ముందు బోర్లించి, "నీ సేపలు నీకే తాతా, మా పెట్టి మాకు" అంది. మామ నా కొట్టులో ఉన్న ఒక్క కుర్చీలో రేడియోను కూర్చోబెట్టి, తాను నేలమీద కూర్చుని విన్నాడు. పై సంతకు తక్కెడ తాతే బస్తాడు సామాను తెచ్చి గుమ్మంలో దించాడు. "సూసి సెప్పు బాబూ, ఏది పగలగొట్టమంటావు, ఏది వద్దంటావు?"

ఇప్పుడు ఏదైనా పలక్కపోతే నేనూ రెండుసార్లు తట్టి పక్కన పడేస్తున్నాను. సంతనంతా ఆపి 'ఉండండి, వేడెక్కనివ్వండి' అన్న ఆ కుర్రాడి ధీమాలో కాస్త ఎవరైనా అప్పిస్తే బాగుండును.