బొమ్మ నిలబడతాదా?

చిన్నమ్మ పెండ్లి పాత క్యాసెట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేదానికని డబ్బా తెరిస్తే, అదే టేపు వాసన వచ్చింది. మన ఇండ్లలో వీసీఆర్ మీద పూలు కుట్టిన గుడ్డ కప్పేవాళ్ళు, గుర్తుందాప్పా?

మా వీసీఆర్ బళ్ళారి అంగడిలో కొనేటప్పుడు నాన్న రేటు, గ్యారంటీ అన్నీ అడిగినాడు. అమ్మ ఒకటే అడిగింది. "బొమ్మ నిలబడతాదా అప్పా?"

అంగడాయన పాజ్ నొక్కి చూపించినాడు.

"అయితే ఇదే ఈయప్పా."

చిన్నమ్మ పెండ్లిలో తాత, అంటే అమ్మ వాళ్ళ నాయన, అక్షింతలేసి కెమెరా వైపు చూసి నవ్వినాడు. మేం వీసీఆర్ కొనకముందే పోయినాడు. ఆయనది వేరే ఫొటో లేదు. అమ్మ ప్రతిసారీ ఆ నవ్వు కాడనే బొమ్మ నిలిపేది. "టేపు అరిగిపోతాది, వదిలేయ్" అనేవాడు నాన్న.

నిన్న ఆ పెన్‌డ్రైవ్‌ను టీవీలో పెట్టినాం. పెండ్లంతా బాగుండాది. తాత నవ్వే చోట మాత్రం అన్నీ తెల్ల గీతలే.

"ఈడ నిలుపు" అనింది అమ్మ.