మా ఊరి పిల్ల

నా చిన్నప్పుడు మీదే ఊరని ఎవరైనా అడిగితే నేను వెంటనే మా నాన్న ముఖం చూసేదాన్ని. తోటి పిల్లలు తడుముకోకుండా చెప్పే జవాబు నాకు మాత్రం పదమూడో ఎక్కంలా ఉండేది. మా నాన్న రోడ్డు రోలరు డ్రైవరు. రోడ్డు ఎక్కడ పడుతుంటే మా కాపురం అక్కడ. ఆయన తాతలది బోనకల్ పక్క. ఆయన పెరిగింది కారేపల్లిలో, మేనమామ ఇంట్లో. నేను పుట్టింది ఆ రెండింటికీ సంబంధం లేని ఒక దారి పక్కన, పనివాళ్ళ గుడారంలో. గుడారానికి ఆనుకుని కిలోమీటరు రాయి ఉండేదట. అందరికీ ఊరి నడుమ బొడ్డులా పాతిన బొడ్రాయి ఉంటే మనకు కిలోమీటరు రాయి ఉందిలే అని నాన్న నవ్వేవాడు. ఆయన నవ్వినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తలో మేము ములకలపల్లి దాటి ఇప్పలగుంపు అనే చిన్న ఊరికి వెళ్ళాం. ఊరి గుండా వేస్తున్న రోడ్డు అవతలి పొలిమేర దాటి, అడవి మొదలయ్యే చోట ఆగిపోయింది. చెట్లు కొట్టడానికి అనుమతి రావాలన్నారు. ఈ నెల వస్తుంది, వచ్చే నెల వస్తుంది అంటూ మూడేళ్ళు గడిచాయి. రోలరు అక్కడే నిలబడిపోయింది. దాని ముందు చక్రానికి కాకరతీగ పాకింది. నాన్న రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని తుడిచి, ఏ పనీ లేకుండా తిరిగొచ్చేవాడు. ఆ కాగితం రాకపోవడం ఆయనకు దిగులు, నాకు పండగ. ఒకే బడిలో మూడేళ్ళు చదవడం నాకు అదే మొదలు.

మేము కిరాయికున్న గది పక్కింటి అవ్వది. ఆమె మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే. ఎవరి పురిటి మాయ ఏ ఇంటి పెరట్లో, ఏ మూల పాతిందో ఆమెకు తెలుసు. మునగచెట్టు మొదట్లో పెద్దోడిది, గొడ్లపాక వెనక రెండోదానిది అని దారిన పోతూ చెప్పేది. ఆమెకు మాత్రం పిల్లల్లేరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. సాయంత్రాలు ఇప్పపూలు ఎండబోస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా జుట్టులో పేలు చూస్తూ, నా చదువు తనకు అర్థమైనట్టే తలూపేది. మాట కటువు, చెయ్యి మెత్తన.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఊళ్ళో బొడ్రాయి మళ్ళీ నిలపాలనుకున్నారు. రెండేళ్ళుగా వానలు సరిగా లేవు, పసిపిల్లలు ఇద్దరు పోయారు, పాత రాయి ఒరిగిపోయింది. డప్పు కొట్టి చాటింపు వేశారు. ఈ ఊరి ఆడపడుచులు ఏ ఊళ్ళో ఉన్నా రావాలి. రాయి నిలిపే రోజు తెల్లవారేసరికి పరాయివాళ్ళందరూ పొలిమేర దాటి వెళ్ళిపోవాలి. దారులకు వేపమండల తాడు కడితే మళ్ళీ మర్నాడు పొద్దున విప్పేదాకా లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పరాయివాళ్ళంటే ఎవరెవరో వేళ్ళ మీద చెప్పుకున్నారు. బడి పంతులు, అడవి జవాను, రోలరాయన కుటుంబం.

మూడో పేరు మాదే. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల తన మేనత్తలు వస్తున్నారని, బొడ్రాయి మీద తాను బిందెడు నీళ్ళు పొయ్యాలని చెప్పుకుంటోంది. మీరు యాడికి పోతరు అని నన్ను అడిగింది. ఎగతాళికి కాదు, ఊరికే అడిగింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాన్న ఇదంతా తేలిగ్గా తీసుకున్నాడు. పొద్దున్నే నడిచి బస్సు ఎక్కి ములకలపల్లి పోదాం, హోటల్లో పూరీ తిందాం అన్నాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. అమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి తనూ తినడం మానేసింది.

రెండో రోజు సాయంత్రం అవ్వ మా గడపలో కూలబడి, నా బొడ్డు ఏమైందని అమ్మను అడిగింది. అంటే పురిటిలో ఎండి ఊడిన ముక్క. దాన్ని రాగి తాయెత్తులో పెట్టి చిన్నప్పుడు నా మొలతాడుకు కట్టారు. ఆ తర్వాత అమ్మ తన రేకు పెట్టెలో చీరల అడుగున దాచింది. ఇయ్యి అని అవ్వ చెయ్యి చాపింది. అమ్మ పెట్టె తెరిచి ఇచ్చింది. అవ్వ తన పెరట్లో, తులసిగద్దె పక్కన, గడ్డపారతో మూరెడు లోతు తవ్వి తాయెత్తు అందులో పెట్టి నా చేత్తోనే మట్టి వేయించింది.

అక్కడినుంచి నా రెక్క పట్టుకుని బడి అరుగు దగ్గరికి నడిచింది. పెద్దమనుషులు పనులు పంచుకుంటున్నారు. ఊరి మనిషంటే ఎవరో చెప్పమని ఆమె అమాయకంగా అడిగింది. ఊళ్ళో బొడ్డున్నవాళ్ళు, కోడళ్ళుగా వచ్చినవాళ్ళు అని ఊరి పెద్దాయన చెప్పాడు.

"మరి ఈ పిల్ల బొడ్డు నా పెరట్ల ఉన్నది. కావాల్నంటే వచ్చి తవ్వి చూసుకోండ్రి" అంది అవ్వ.

కొందరు నవ్వారు. ఒకాయన ఇదేం న్యాయమని సణిగాడు. ఊరి పెద్దాయన పిల్లలు కూడా ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, పిల్ల వరకు ఉండొచ్చు, తల్లిదండ్రులు మాత్రం పోవాలి అన్నాడు. అవ్వ ముఖం గెలిచినదానిలా లేదు. నేనే గంతులేస్తూ ఇంటికొచ్చాను. అమ్మా నాన్నల సంగతి నాకు ఆ రాత్రి తట్టనే లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెల్లవారకముందే అమ్మా నాన్నా ఒక మూట, నీళ్ళ బిందె తీసుకుని వెళ్ళారు. అవ్వ నాకు తలంటి, పసుపు రాసి, చేతికి చెంబు ఇచ్చింది. కొత్త రాయి మీద అందరితో పాటు నేనూ నీళ్ళు పోశాను. చల్లటి నీళ్ళు రాయి మీంచి జారి నా పాదాల మీదికి వచ్చాయి. ఒక పెద్దావిడ, ఎవరి పిల్లవో అని అడగకుండానే నా నుదుట బొట్టు పెట్టింది. ఇక నన్నెవరూ కిలోమీటరు రాయి పిల్ల అనలేరనుకున్నాను. అంత సంతోషం నాకు ఆ తర్వాత చాలా తక్కువసార్లు కలిగింది.

మధ్యాహ్నం అందరూ ఎవరి ఇళ్ళకు వాళ్ళు భోజనాలకు పోయారు. ప్రతి ఇంట్లోంచీ పుట్టింటికొచ్చిన ఆడవాళ్ళ మాటలు, నవ్వులు. నేను తిరుగుతూ తిరుగుతూ అడవివైపు పొలిమేరకు వెళ్ళాను. దారికి అడ్డంగా వేపమండల తాడు. తాడుకు అవతల, కేక వేస్తే వినపడేంత దూరంలో రోలరు. దాని నీడలో మా అమ్మ కూర్చుని ఉంది. నాన్న చక్రానికి ఆనుకుని పడుకున్నాడు. వాళ్ళు ములకలపల్లి పోలేదు, పూరీలు తినలేదు. పిల్ల లోపల ఉంటే నేను బస్సెలా ఎక్కుతానని అమ్మ కదలనందట. నన్ను చూసి లేచి తాడు దాకా వచ్చింది. అన్నం తిన్నావా అని ఒక్కటే అడిగింది. ఎండకు ఆమె ముఖం కమిలి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. తాడు కింద దూరి పోదామనుకున్నాను, అంతలో వెనకనుంచి అవ్వ వచ్చి నా భుజం పట్టుకుంది.

ఆమె నన్ను తిట్టలేదు, లోపలికి లాగలేదు. ఆ దుమ్ములోనే తాడు పక్కన నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కూర్చుంది. అటువైపు అమ్మ కూడా కూర్చుంది. పొద్దుగూకేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. ఊరంతా ఆడపడుచులతో నిండి ఉంటే అవ్వ మాత్రం ఒంటరిగా ఇక్కడెందుకుందో అప్పుడు నాకు అనుమానం వచ్చింది. నిన్ను మీ పుట్టినూరికి ఎవరూ పిలవరా అవ్వా అని అడిగాను. తన ఊరు వాగు మీద ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళలో పోయిందని, బొడ్రాయి కూడా ఆ నీళ్ళ కిందే ఉందని, పిలిచేవాళ్ళు తలో దిక్కూ పోయారని చెప్పింది. ఇక్కడ నలభై ఏళ్ళున్నా పురుడొస్తే పిలుస్తారు తప్ప ఊరికే ఎవరూ పిలవరంది. ఇప్పుడు పురుళ్ళకూ దవాఖానాకే పోతున్నారని కూడా అంది. ఆ మాటలు బాధగా చెప్పలేదు, ఎండబోసిన పువ్వు లెక్కపెడుతున్నట్టు చెప్పింది.

తర్వాత అమ్మవైపు చూస్తూ నాతో అంది, "నువ్వు కనపడకపోతే గా పిల్ల ఏదని ఎవలన్న అడుగుతరు సూడు, గక్కడిదానివే బిడ్డా నువ్వు. తాడుదేముంది, రేపు విప్పుతరు."

అడగనా వద్దా అన్నట్టు ఇంకో మాట అడిగింది. "పెద్దగయి యాడ్నో ఉంటవు. నీదే ఊరంటే ఇప్పలగుంపు అని చెప్తవా?"

నేను అమ్మను చూస్తూనే తలూపాను.

ఏడాదిన్నర తర్వాత నాన్నను వేరే పనికి పంపారు. రోలరును లారీ మీద ఎక్కించుకుపోయారు. తాయెత్తు తీసిమ్మని అమ్మ మొహమాటపడుతూ అడిగితే, ఉండనియ్యవే, అదొక్కటే గదా నాకు అంది అవ్వ. మేము ఖమ్మంలో చేరాం. మొదట్లో నాన్న రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాడు. తర్వాత ఎవరం వెళ్ళలేదు. ఖమ్మమే మా ఊరని నేను అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. అలా చెప్పడం ఎంత సులువో అప్పుడే తెలిసింది.

ఎనిమిదేళ్ళు గడిచాయి. నర్సింగ్ చదువుతూ ఖమ్మం పెద్ద దవాఖానాలో డ్యూటీ నేర్చుకుంటున్నాను. తెల్ల యూనిఫాం వేసుకున్న గర్వం, పట్నం స్నేహితురాళ్ళ మధ్య నెగ్గుకురావాలన్న ఆరాటం. ఒక పొద్దున వార్డు సిస్టర్ నన్ను పిలిచింది. గుమ్మం దగ్గర అవ్వ నిలబడి ఉంది. సన్నగా అయిపోయింది. చేతుల నిండా పచ్చబొట్లు, భుజానికి గుడ్డసంచి. కడుపునొప్పికి చూపించుకోవడానికి ఒక్కతే వచ్చిందట. వచ్చినప్పటినుంచి కనపడ్డ ప్రతి నర్సునూ, మా ఊరి పిల్ల ఈడ్నే చదువుతున్నదట, యాడున్నది అని అడుగుతోందట. నా వెనక ముగ్గురు స్నేహితురాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. ఈవిడ మీ ఊరావిడా అని సిస్టర్ అడిగింది.

"కాదు సిస్టర్. అక్కడ కొన్నాళ్ళు కిరాయికున్నాం" అన్నాను.

అది అబద్ధం కూడా కాదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది. అవ్వ ముఖంలో ఏదో కదిలి ఆగిపోయింది. వెంటనే సిస్టర్ వైపు తిరిగి, "అవ్ అమ్మా, కిరాయికుండిన్రు. నేనే పొరపాటున అన్న" అంది. నా మాట నిలబెట్టడానికి తన మాట వెనక్కి తీసుకుంది. డ్యూటీ అయ్యాక వస్తానని చెప్పి నేను లోపలికి పోయాను. వచ్చేసరికి ఆమె లేదు. చీటీ రాయించుకోకుండానే వెళ్ళిపోయిందన్నారు.

వెళ్ళి క్షమించమని అడగాలని రోజూ అనుకున్నాను. వెళ్ళేసరికి మూడు నెలలయింది. అవ్వ పోయి అప్పటికి పన్నెండు రోజులు. ఇంటికి తాళం వేసి ఉంది. అడవిలోకి రోడ్డు ఎట్టకేలకు పడుతోంది, వెడల్పు కోసం ఆమె పెరడు సగం తవ్వేశారు. తులసిగద్దె ఉన్న చోట కంకర పోసి ఉంది. ఆ కంకర మీద నిలబడి ఉంటే బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల చంకలో బిడ్డతో వచ్చి గుర్తుపట్టింది. ఖమ్మం నుంచి వచ్చిన రోజు అవ్వ ఊరంతా తిరిగి చెప్పిందట. మా పిల్ల నర్సయింది, నన్ను మంచం మీద కూసోబెట్టి, దగ్గరుండి చూసింది, మీరందరూ ఎట్లున్నరని అడిగింది అని.

ఇప్పుడు నేను కాన్పుల వార్డులోనే పనిచేస్తున్నాను. మీదే ఊరంటే ఇప్పలగుంపు అని చెబుతాను. అక్కడ మీవాళ్ళెవరున్నారని కొందరు అడుగుతారు. ఎవరూ లేరంటాను, అక్కడ ఆ పిల్ల ఏదని అడిగే మనిషి ఒకావిడ ఉండేదంటాను. అప్పుడప్పుడూ అడవి ఊళ్ళనుంచి ఏ ముసలమ్మో సంచి పట్టుకుని గుమ్మంలో తచ్చాడుతూ, మా ఊరి పిల్ల ఒకతి ఈడ పనిచేస్తది అని అడుగుతుంది. ఏ ఊరని నేను అడగను. చేతిలో పని పక్కన పెట్టి ఎదురు వెళ్ళి, అవ్ అవ్వా, నేనే అంటాను.