జుగ్సలాయి దుకాణంలో మా కోసం తీసి పెట్టిన సంచి

కొలతకు అందనిది నాకు లెక్కలోకి రాదు. రాంచీ అవతల గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా లేత్ మెషిన్ మీద పనిచేస్తున్నాను. ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి టీకి వెళ్లిపోయే రకం నేను. ఇది కూడా ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అమ్మాయి నీలిమకు ఇరవై ఏళ్లు. మట్టి ట్రాక్ మీద బండి తోలడమంటే దానికి ప్రాణం. స్నేహితుల బండ్లు అడిగి తీసుకుని రెండు పోటీలకు కూడా వెళ్లింది. కొత్త బండి కొనిచ్చే స్తోమత నాకు లేదు.

అది తెలిసి మా బావమరిది అప్పలరాజు ఒక పాత టూ స్ట్రోక్ డర్ట్ బైక్ చూపించాడు. బిర్సానగర్‌లో అతనికి బండ్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. నీలిమను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మేనమామ. బండి ఎవరిదని అడిగితే, బదిలీ మీద వెళ్లిపోయిన మిలిటరీ ఆఫీసరుదని చెప్పాడు. ఫ్రేమ్‌కి కొత్తగా నీలం రంగు వేసి ఉంది. ఇంజన్ బిగుసుకుపోయింది. కిక్ లివర్ లేనే లేదు.

"ఫ్రేమ్ గట్టిది బావా. ఇంజన్ సామాన్లు దొరికితే సాలు, మన నీలిమ తిరుగు నేకుండా తోల్తాది," అన్నాడు.

ఇంకేమీ ఆలోచించకుండా కొన్నాను.

సామాన్ల కోసం మూడు నెలలు తిరిగాను. ఆ బండి తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. రాంచీలో లేవన్నారు. కోల్‌కతా నుంచి తెప్పించిన కిక్ లివర్ వేరే మోడల్‌ది, పళ్లు కలవలేదు. ఫోన్‌లో ఫొటో చూసి తెప్పించిన క్లచ్ ప్లేట్లూ అంతే. రెండు బుష్‌లు నేనే లేత్ మీద తయారు చేసుకున్నాను. మిగతావి నా చేతిలో లేని పని.

ఒక గురువారం పొద్దున్నే కరెంటు పోయి ఫ్యాక్టరీకి సెలవిచ్చారు. అప్పటికప్పుడు అనుకుని, డ్యూటీ చొక్కాతోనే నీలిమను తీసుకుని జుగ్సలాయి బజారుకు వెళ్లాను. వెళ్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పడానికి నా భార్య కూడా లేదు. పెళ్లికని శ్రీకాకుళం వెళ్లింది.

గోదాముల వెనక సందులో పాత సామాన్ల దుకాణం ఒకటి కనిపించింది. అంతకుముందు నేనెప్పుడూ అందులో అడుగు పెట్టలేదు. ముసలి దుకాణదారు నన్నూ నీలిమనూ చూసి, నేను నోరు తెరవకముందే గోనెసంచి ఒకటి గల్లా మీద పెట్టాడు.

మీ మనిషి మంగళవారం వచ్చి చెప్పి వెళ్లాడని హిందీలో అన్నాడు. నీలం ఫ్యాక్టరీ చొక్కా వేసుకున్నాయన కూతురితో వస్తాడు, ఇవి ఇవ్వమన్నాడట. ఏ అరలో, ఏ పెట్టె అడుగున ఉన్నాయో కూడా ఆ మనిషే చెప్పాడట. ఆ పెట్టె ఉన్న సంగతి తనకే గుర్తు లేదన్నాడు. మనిషి ఎలా ఉంటాడంటే, పొడుగ్గా ఉన్నాడని తప్ప చెప్పలేకపోయాడు. గుమ్మం దాటి లోపలికి రాకుండా ఎండలోనే నిలబడి మాట్లాడాడట.

సంచిలో కిక్ లివర్, క్లచ్ ప్లేట్లు, పిస్టన్, రింగులు ఉన్నాయి. అన్నీ ఆ మోడల్‌వే. వాటితోపాటు తెలుగులో రాసిన ఒక చీటీ. దుకాణదారుకు తెలుగు రాదు. ఆ మనిషి ఇచ్చిందేనన్నాడు.

"పాపా, క్యా లిఖా హై?" అని, ఏం రాసుందో అడిగింది నీలిమ. దానికి తెలుగు చదవడం రాదు.

సామాన్ల లిస్టు అని చెప్పి మడిచి జేబులో పెట్టుకున్నాను. లిస్టు ఉన్నమాట నిజమే. దాని కింద ఇంకో వాక్యం ఉంది. "మెడ కాడ రంగు గీకి సూడు. పిల్లని ఎక్కించకు."

ఆ మధ్యాహ్నమే ఇంజన్ విప్పాను. సిలిండర్ అరిగిన ప్రతిసారీ బోరు కొట్టి, అంటే లోపలి రంధ్రం కాస్త పెంచి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. లోపల ఉన్నది రెండో సైజు. సంచిలోదీ రెండో సైజే. అంతవరకూ ఆ సిలిండర్‌ని నేను విప్పలేదు. లోపల ఏ సైజు ఉందో నాకే తెలియదు.

తర్వాత హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ దగ్గర రంగు గీకాను. పుట్టీ ఊడొచ్చింది. దాని కింద చుట్టూ వెల్డింగ్. ఒకసారి పూర్తిగా విరిగిన ఫ్రేమ్ అది. వెల్డింగ్ పక్కనే వెంట్రుకంత పగులు మళ్లీ మొదలైంది.

శనివారం అప్పలరాజు షెడ్డుకు వెళ్లాను. అతను కూడా ఆ పెళ్లికే వెళ్లి, ముందురోజే ఊరి నుంచి వచ్చాడు. వెల్డింగ్ ఎవరు చేశారని అడిగాను. కాసేపు స్పానర్లు సర్దాడు. తర్వాత తనే చేశానని ఒప్పుకున్నాడు. మిలిటరీ ఆఫీసరంటూ ఎవరూ లేరు. గోల్మురిలో ఉండే డేనియల్ అనే మన తెలుగు కుర్రాడి బండి అది. రెండేళ్ల క్రితం దల్మా కొండ కింద మట్టి దారిలో గెంతించినప్పుడు ఫ్రేమ్ విరిగి చనిపోయాడు.

"మరి నాకెందుకు అమ్మేవురా?" అన్నాను.

"బయటోడికి అమ్మితే రేపేటైనా అయితే గొడవెడతాడు బావా. నువ్వయితే ఇంట్లోవోడివి."

చెయ్యెత్తలేదు. తిట్టలేదు. బయటికొచ్చి స్కూటర్ తీశాను.

అదే రోజు డేనియల్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తండ్రి రిటైరైన ఫిట్టరు. బండి సంగతి చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. ముక్కలుగా కోసి తుక్కులో పడేస్తానని మాట ఇస్తేనే బండి అప్పలరాజుకు అప్పగించారట. రెండో సైజు పిస్టన్ తండ్రీ కొడుకులు కలిసి ఇంట్లోనే వేశారు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదన్నారు.

చీటీ ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మాట మావోడిదే బాబూ. రాత కాదు. ఆడికి తెలుగు రాయడం రాదు, హిందీ బడిలో సదివాడు."

చీటీ ఉంచుకోవచ్చా అని అడిగారు. ఇచ్చేశాను. రెండు రోజుల తర్వాత మా ఫ్యాక్టరీలో ఆయన ఎదురుగానే ఫ్రేమ్‌ని కట్టర్‌తో నాలుగు ముక్కలు చేశాను. నీలిమకు మొత్తం చెప్పాను. అది ఏడవలేదు. ఫోన్‌లోంచి మామ నంబరు తీసేసింది. నా భార్య మాత్రం ఇప్పటికీ తమ్ముడి పేరు వస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఆ దుకాణానికి మళ్లీ రెండుసార్లు వెళ్లాను. ఆ ముసలాయన అదే మాట చెప్పాడు, ఒక్క ముక్క మార్చలేదు.

నేను చాలా రకాలుగా ఆలోచించాను. తప్పు చేశానన్న బాధతో అప్పలరాజే ఎవరినైనా పంపించి ఉంటాడని, సామాన్లు కూడా తనే పెట్టించాడని కొన్నాళ్లు గట్టిగా అనుకున్నాను. అదే నిజమైతే అతన్ని క్షమించడానికి నాకొక దారి దొరికేది. నేరుగా వెళ్లి అడిగాను. చీటీ ఏటి బావా అన్నాడు. అబద్ధం ఆడేటప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. ఆ ముఖం కాదు అది. పైగా ఆ మంగళవారం అతను శ్రీకాకుళంలో పెళ్లిలో ఉన్నాడు, నా భార్య పక్కనే.

చీటీ ఎవరు రాశారో నాకు ఈరోజుకీ తెలియదు. అది అప్పలరాజు పనేనని ఎవరైనా రుజువు చేస్తే, నా అంత సంతోషించేవాడు ఉండడు.