ఆరున్నొక్కటి

మా అమ్మ జన్మలో ‘ఏడు’ అనలేదు. బియ్యం కొలిచేటప్పుడు లాభం, రెండు, మూడు అంటూ మొదలుపెట్టి, ఆరు దాటగానే ‘ఆరున్నొక్కటి’ అనేది. ఏడు అంటే ఏడవమన్నట్టే కదా, తిండిగింజల దగ్గర ఆ మాటెందుకని. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా అంకెల మధ్యే బతుకుతున్నాను. అయినా నేనూ ఆరున్నొక్కటనే అంటాను. చదువు వేరు, నాలుక వేరు.

అమ్మ పోయి మూడు నెలలైంది. కర్మలు అయ్యేదాకా వంటవాళ్ళకీ చుట్టాలకీ అన్నీ నేనే చూసుకున్నాను. కంట చుక్క రాలేదు. “ఢిల్లీ నీళ్ళు పడ్డాక మనిషి రాయైపోయింది” అని మేనత్త అందరికీ వినపడేలా అంది. నాకు ఒళ్ళు మండింది. ఆర్.కె. పురం క్వార్టర్‌కి తిరిగొచ్చాక మాత్రం ఆ మాటే నన్ను పట్టుకుంది. ఆఫీసు నుంచి రాగానే ఫోన్ చేసే మనిషి లేదు. ఇంట్లో తెలుగు వినపడదు. ఏడుద్దామని కూర్చుంటే ఏడుపు రాదు. నిజంగానే రాయినేమో అని భయం వేసేది.

పై క్వార్టర్‌లోని తెలుగువాళ్ళమ్మాయి పదో తరగతి. ఆదివారాలు లెక్కలకి నా దగ్గరికొస్తుంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. మొన్న కారణాంకాలు చెబుతూ, ఏదైనా మూడంకెల సంఖ్య వేసి, పక్కనే మళ్ళీ అదే వేయమన్నాను. 413413 వేసింది.

“చూడకుండా చెప్తాను. ఆరున్నొక్కటితో పోతుంది. భాగించు” అన్నాను.

ఎంతకీ తేల్చదు. చివరికి, “ఆంటీ, రిమైండర్ ఆ రహా హై. సిక్స్‌టీన్” అంది.

పుస్తకం లాక్కుని చూశాను. అరవై ఒకటితో భాగించింది! ఆరు, దాని పక్కన ఒకటి. పకపకా నవ్వాను. అమ్మకి చెప్పాలని ఫోన్ వైపు చెయ్యి పోయింది. వెనక్కి తీసుకున్నాను.

అలా రెండుసార్లు పక్కపక్కన వేస్తే ఏ మూడంకెలైనా వెయ్యిన్నొకటితో గుణించినట్టేనని, వెయ్యిన్నొకటిలో పదకొండు, పదమూడుతో పాటు ఆరున్నొక్కటి కూడా ఉంటుందని చెప్పాను. ఆరున్నొక్కటంటే సెవెన్. దాని అసలు పేరూ, అదెందుకు అనకూడదో కూడా చెప్పాల్సివచ్చింది.

“అచ్ఛా, ఏడు!” అని పిల్ల భాగించింది. శేషం లేకుండా 59059 వచ్చింది. ముందో సున్నా పెట్టి చూసుకుంది. 059, 059. మళ్ళీ అదే జంట. కనిపెట్టిన సంబరంలో, మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

“ఆంటీ, ఇంకోసారి ఏడు.”

ఒక్కసారైనా ఏడవలేదు నేను, ఇంకోసారంటుంది. మూడు నెలల్లో నన్ను ఏడవమన్నవాళ్ళు ఎవరూ లేరు. పెన్ను కింద పెట్టి, ఆ పిల్ల ముందే ఏడ్చాను.