ఏ డబ్బాలో విత్తనం?

ఊళ్ళో ఆయన్ని గింజల బాబాయ్ అంటారు. ఉన్నది ఎకరం పైచిలుకు, అదీ మూడు చోట్ల మూడు ముక్కలు. ఒక ముక్కలో పని ముగించి ఇంకో ముక్కకి చేరేసరికి సగం ఓపిక దారిలోనే అయిపోతుంది. ఆయన్ని పెద్దరైతని ఎవరూ అనరు గానీ, అలసంద విత్తనం కావాలంటే మాత్రం అందరూ ఆయన గుమ్మానికే వస్తారు. ఏపుగా పెరిగిన మొక్కల్లో ముందు పండిన కాయల్ని ఏరి ఏరి కోస్తాడు. ఎండబెట్టి, బూడిద కలిపి, రేకు డబ్బాలో పోసి, దానికి ఎర్రగుడ్డ పీలిక కడతాడు. తిండికి ఉంచిన గింజలకీ బూడిదే, వాటికీ రేకు డబ్బానే. తేడా ఆ పీలిక ఒక్కటే.

ఈసారి మొదటి వాన పడిన మర్నాడు అటక మీంచి రెండు డబ్బాలూ దించితే, దేనికీ పీలిక లేదు. డబ్బాలు కూడా వేరేవి.

కోడల్ని అడిగాడు. పాతవి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయట, చీమలు దూరుతున్నాయని గింజల్ని మంచి డబ్బాల్లోకి మార్చిందట. మెచ్చుకుంటాడనుకుంది పాపం.

"మరి గుడ్డ పీలికేదమ్మా?"

"దాంతోనే అటక తుడిచి పారేశాను మావయ్యా. ఏ గింజలు ఎందులో పోశానో చూసుకోలేదు."

పోనీలే, నా చేతికి తెలీదా అనుకున్నాడు. బాబాయ్ పిడికిట్లో పట్టుకుంటే విత్తనమో కాదో తెలిసిపోతుందని ఊరంతా చెప్పుకుంటారు, ఆయనా ఎప్పుడూ కాదనలేదు. డబ్బాల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈ చేత్తో కొన్ని తీశాడు, ఆ చేత్తో కొన్ని తీశాడు. చేతులు మార్చాడు. కొరికి చూశాడు. ఒక డబ్బావి కాస్త బరువనిపించాయి, వసారాలో వెలుతుర్లో చూస్తే రెండోవి నిగనిగలాడాయి. లోపలికొచ్చేసరికి ఏ గుప్పెట్లోవి ఏ డబ్బావో కూడా మర్చిపోయాడు.

మేకలకి ఆకు వేస్తున్న భార్య ఇదంతా చూస్తూనే ఉంది. "పెళ్ళికి ముందు నన్నే ఇంతసేపు చూళ్ళేదు నువ్వు," అంది. తడిగుడ్డల్లో కట్టి చూడమని చెప్పిందీ ఆవిడే.

రెండ్రోజులాగి మూటలు విప్పితే రెండూ మొలకెత్తాయి. ఒకదాన్ని మించి ఒకటి. సంతోషించాల్సిన మాటే, కానీ ఆయన మొహం ఇంకా వాడిపోయింది. అలాంటప్పుడు ఇన్నేళ్ళూ ఎండలో నిలబడి ఏరింది దేనికి? మొలక వేరు, కాపు వేరు అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అయితే విత్తనం పక్కనే తిండి గింజ కూడా నాటి ఎప్పుడైనా చూశాడా? లేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనకీ తట్టలేదు.

అంతలో ఎదురింటి అమ్మాయి సంచి పట్టుకుని వచ్చింది. మొగుడు పోయాక అరెకరం కౌలుకి తీసుకుని ఒక్కతే చేసుకుంటోంది. కిందటేడు కొట్లో కొన్న విత్తనం సరిగ్గా మొలవలేదు. ఈ ఏడు కూడా చేను దెబ్బతింటే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని భూమిగలాయన తేల్చి చెప్పాడు. అందుకే నీ చేతి గింజే కావాలి బాబాయ్ అంటూ వచ్చింది.

ఏదో ఒక డబ్బాలోంచి పోసి పంపితే అడిగేవాళ్ళు లేరు. ఆయన డబ్బాలు రెండూ ఆమె ముందుకి జరిపాడు.

"అమ్మాయ్, ఇందులో విత్తనమేదో నాకు తెలీట్లేదు."

ఆమె నమ్మలేదు. "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు బాబాయ్, నాతో ఈ వేషాలెందుకు," అంది.

ఆయన జరిగిందంతా చెప్పి తడిమూటలు చూపించాడు. ఆమె మొలకల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండూ బాగానే ఉన్నాయిగా. మరి ఇన్నేళ్ళూ నువ్వు ఏరిందేంటి?"

"అదే నాకూ అర్థం కావట్లేదమ్మా."

ఆమె కూడా అయోమయంలో పడింది. చివరికి రెండూ పొయ్యమంది, కలపకుండా. చేనులో చెరో సగం వేస్తానంది. ఏదో ఒకటైనా నిలబడుతుంది, రెండూ నిలబడితే ఇంకా మంచిదే. ఆయన సంచిలో ఒకటి పోసి, ఇంకోటి పాత తువ్వాల్లో మూట కట్టి ఇచ్చాడు. కాపుకొచ్చినప్పుడు తనూ వచ్చి చూస్తానన్నాడు.

ఆమె గుమ్మం దాటిందో లేదో, భార్య చేట పట్టుకుని డబ్బాల దగ్గరికొచ్చింది.

"ఇంతకీ కూరకి ఏ డబ్బాలోవి తియ్యను?"

ఆయన ఈ డబ్బా చూశాడు, ఆ డబ్బా చూశాడు. ఇవాళ్టికి ఇంకేదైనా వండమన్నాడు.