కల్లంలో రేకుల గది

మా అపార్ట్‌మెంట్ కింద గేటుకి వెల్డింగ్ పెడుతున్నారు కాబోలు, పొద్దుటినుంచీ కాలిన ఇనుము వాసన మూడో అంతస్తు దాకా ఎక్కుతోంది. కిటికీ మూద్దామని లేచి, ఓపిక లేక మళ్లీ కూలబడ్డాను. ఈ వాసన తగిలితే చాలు, నల్లపాడు అవతల మా ఇంటి వాకిట్లో నాన్న లుంగీ ఎగ్గట్టి, పాత ట్రాక్టరు ట్రక్కు మీద గది కట్టిన ఏడాది గుర్తొస్తుంది.

మాకు సొంత పొలం లేదు. నాన్న ప్రకాశం వైపు ఎక్కడో దూరాన నల్లరేగడి కౌలుకి తీసుకుని మిరప వేసేవాడు. మాఘమాసం వచ్చిందంటే కాయ కోసి, కల్లంలో ఆరబోసి, రంగు పోయిన తాలుకాయలు ఏరి, బస్తాలకెత్తేదాకా ఇంటిల్లిపాదీ అక్కడే కాపురం. ప్లాస్టిక్ పట్టాలు కప్పిన పాక, పగలంతా కాయల మీంచి కొట్టే సెగ, తెల్లారి మంచుకు తడిసిన పరదాలు, సద్దన్నంలో పచ్చిమిరప తొక్కు, శివరాత్రికి మూడు రాళ్ల పొయ్యి మీద ఉడికే చిలకడదుంపలు, తాలుకాయల గుట్టల మధ్య దాగుడుమూతలాడి అవే చేతులతో కళ్లు నలుపుకుని ఏడ్చే మేము. బాల్యం అంటే నాకు అదే, మంట.

ఆ ఘాటు అమ్మకి పడేది కాదు. ఆయాసం. రాత్రిళ్లు లేచి కూర్చుని, మోకాళ్లు పట్టుకుని ఊపిరి ఎగబీల్చేది. కల్లం దగ్గరికి పంపొద్దని గుంటూరు డాక్టరు ఖండితంగా చెప్పాడు. కానీ కూలీలకి వంట ఎవరు చెయ్యాలి, తాలు ఎవరు ఏరాలి? చివరికి నాన్న ఘాటు చొరని గది కట్టి కల్లానికి లాక్కుపోతానన్నాడు.

వెల్డింగ్ షాపు మస్తాన్ మామ నాన్నకి చిన్ననాటి నేస్తం. ఇద్దరూ కలిసి ట్రక్కు తొట్టి ఊడదీసి, కుదుపు తగలకుండా లారీ కమాను పట్టీలు వేసి, ఇరుసు ఎత్తు పెంచి, ఇనప చట్రం నిలబెట్టి రేకులు బిగించారు. పాత బస్సు కిటికీలు, గోడకి మడిచే బల్ల, వెనక తలుపు దించితే పొయ్యి పెట్టుకునే అరుగు.

"ఇంత ఎత్తెందుకురా, మా చెల్లెమ్మ నిచ్చెనేసుకుని ఎక్కాలా?" అన్నాడు మస్తాన్ మామ.

"వానొస్తే డొంకలో ఇరుసు దాకా దిగబడిపోద్దిరా. ఎత్తు లేకపోతే అక్కడే కాపురం."

రేకు ఎండకి కాలిపోతుందని లోపలంతా గోతాలు కొట్టాలనుకున్నాడు నాన్న. అటక మీది పాత గోతాలు దించి, దులిపి, దబ్బనంతో పొర మీద పొర కుట్టాడు. వేళ్లు పుళ్లు పడ్డా ఇంకొకరికి ఇవ్వలేదు. పురికొస అందించే పని నాది.

ఆ ఏడు డొంకలో మా గది ఒరుగుతూ, మూలుగుతూ, గిన్నెలు మోగించుకుంటూ కల్లం చేరింది. అమ్మ లోపలికెక్కి తలుపేసుకుంది. మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. సందుల్లోంచి ఘాటొస్తోందని నాన్న గుడ్డపేలికలు కుక్కాడు. దగ్గు పెరిగింది. కిటికీ అంచులకి మైనం పెట్టాడు. ఇంకా పెరిగింది. నాన్న మొహం చూడలేకపోయేవాళ్లం. ఎన్ని సందులు మూసినా అమ్మ ఎందుకు దగ్గుతోందో ఆయనకి అంతుపట్టలేదు.

మా అమ్మమ్మది పొన్నూరు. వరి తప్ప మిరప ఎరగని ఊరు. కూతుర్ని చూడ్డానికొచ్చి, గదిలో అడుగు పెట్టి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగిపోయింది.

"ఇదేంటి అల్లుడుగారూ, పిల్లని మిరపకాయ బస్తాలో పడుకోబెట్టారు!"

"నువ్వూరుకో అమ్మా," అంది లోపల్నుంచి అమ్మ, దగ్గుతూనే.

అవి అంతకుముందు మిరపకాయలు తొక్కి నింపిన గోతాలు. ఎండకి రేకు వేడెక్కేకొద్దీ పీచులో ఇంకిన కారం గాల్లోకి లేస్తోంది. మిరపలో పుట్టి పెరిగిన ముక్కులు మావి, ఒక్కరికీ తెలియలేదు. నాన్న లోపలికెళ్లి ముక్కు గోతానికి ఆనించి పీల్చాడు. "నాకేం తెలీట్లేదే," అన్నాడు, చిన్నపిల్లాడిలా. ఆ సాయంత్రమే అన్నీ చింపి అవతల పారేశాడు. ఉత్త రేకు కాలుతుంటే తడిపిన పాతచీరలు పైన పరుచుకుని ఆ కోతలు గట్టెక్కించాం.

ఇప్పుడు ఆ కౌలు చేలలో ప్లాట్ల రాళ్లు పాతారు. కల్లాల్లో కాపురాలు పోయాయి, కాయ ఎండీ ఎండకముందే లారీ ఎక్కి కోల్డ్ స్టోరేజీకి పోతోంది. రేకుల గది తుప్పు పట్టి తూకానికి పోయింది. నాన్న పోయాడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది.

మొన్న నెబ్యులైజర్ పెడుతూ మాటవరసకి అడిగాను, ఆ గోతాల సంగతి నీకూ తెలియలేదా అని. అమ్మ మాస్కు పక్కకి తీసింది.

"ఎందుకు తెలీదే, ఎక్కిన రోజే తెలిసింది. అంత కష్టపడి కుట్టాడు, ఎట్టా చెప్పను?"

జాలి రాలేదు నాకు, ఒళ్లు మండిపోయింది. ఊపిరి పోతుంటే మొహమాటమేంటని అరవబోయాను. కానీ ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ గొంతు తగ్గించి, గది గుమ్మం వైపు ఒకసారి చూసింది, నాన్న ఎక్కడ వింటాడోనని.