ట్రౌట్ మీద మొక్కు

ఎనభైల మొదట్లో మోంటానాలో రోడ్లు వేసే ఆఫీసులో ఇంజినీరుగా ఉండేవాణ్ణి. ఇండియా వెళ్లి పెళ్లి చేసుకుని, నెలకే ఒంటరిగా తిరిగొచ్చాను. గ్రీన్ కార్డ్ ఉన్నవాడి భార్యకి వీసా రావాలంటే ఏళ్లు పట్టేది. ఆవిడ కాకినాడలో, నేను మంచుకొండల్లో. ఆవిడ వచ్చేదాకా చేప ముట్టనని మొక్కుకున్నాను. గోదావరి జిల్లా వాడు చేప మానడమంటే మాటలు కాదు. దేవుడికి కాస్తయినా జాలి కలుగుతుందని ఆశ.

అలా మొక్కుకున్నవాడు బుద్ధుంటే ఏటి ఛాయలకి పోడు. నేను పోయాను. సెలవు రోజుల్లో అపార్ట్‌మెంట్ గోడలు మీద పడుతున్నట్టుండేది. ఆఫీసులో పక్కసీటు పెద్దాయన నా అవస్థ చూడలేక, తన ట్రక్కులో కొండల్లోకి తీసుకెళ్లి ఏటిలో ట్రౌట్ చేపల్ని పట్టడం నేర్పాడు. దానికి ఎర ఉండదు. గాలానికి కోడి ఈకలు చుట్టి ఈగలా కడతారు. పొడవాటి దారాన్ని నెత్తిమీదుగా ఊపి, నిజం ఈగ వాలినట్టు దాన్ని నీళ్లమీద వాల్చాలి. మొదట్లో నా ఈగలన్నీ నా టోపీ మీదే వాలేవి.

తర్వాత చెయ్యి కుదిరింది. చుక్కల చేప చేతిలో కొట్టుకుంటుంటే నోరూరేది, ఆ వెంటనే దిగులు ముంచుకొచ్చేది. పెళ్లయిన నెలంతా చుట్టాలిళ్ల విందులతోనే సరిపోయింది. మా ఆవిడ చేతి పులుసు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. చేపని మెల్లగా నీళ్లలోకి వదిలేసేవాణ్ణి.

"ఇంత మంచి చేపని వదిలేశావా! నీది చాలా పెద్ద మనసయ్యా" అనేవాడు పెద్దాయన ఇంగ్లీషులో.

మొక్కంటే ఏమిటో ఆయనకి ఎలా చెప్పాలో తెలియక తలూపేవాణ్ణి. ఆఫీసంతా కలిసి నన్ను చేపలపాలిట ధర్మాత్ముణ్ణి చేసేశారు.

మూడో వేసవిలో ఆవిడ వచ్చింది. మొదటి శనివారమే ఏటికి తీసుకెళ్లాను. జానెడుకి మించిన ట్రౌట్ పడింది. వదల్లేదు. ఒడ్డున కూర్చున్న ఆవిడ ముందు పెట్టి నా మొక్కు సంగతి చెప్పాను. ఇవాళ ఇద్దరం కలిసి తిందామన్నాను.

ఆవిడ చేపనీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"నేనూ మొక్కుకున్నానండీ. వీసా వస్తే ఇంక జన్మలో చేప తిననని."

"జన్మంతానా?"

"మీలాగ, వచ్చేదాకా అనుకోవాలని నాకు తోచలేదండీ. వచ్చేస్తే చాలనుకున్నాను."

ఇంటికొచ్చి తనే పులుసు పెట్టింది, రుచి చూడకుండా. నా కంచంలో ముక్కలు వడ్డించి, పెరుగన్నం కలుపుకుని ఎదురుగా కూర్చుంది. ఒకే గిన్నెలోంచి ఇద్దరం వడ్డించుకుంటామని మూడేళ్లు కలలు కన్నాను. ఇక అది ఎప్పటికీ జరగదని ఏడుపొచ్చింది. నాకోసం ఇంత వదులుకున్న మనిషి నా ఎదుటే ఉందని ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

"ఉప్పు సరిపోయిందాండీ?" అంది.

ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది. సరిపోయిందని చెప్పి ఇంకో ముక్క వెయ్యమన్నాను.